చక్రాల ఇల్లు ఆయిల్ తాగేస్తుంటే...

నయాగరా నుంచి తిరిగొచ్చి పిస్కాటవేలో మా ఇంటి డ్రైవ్‌వేలో మోటార్‌హోమ్ ఆపగానే నాన్న దిగి బండి వెనక్కి వెళ్లారు. "ఒకసారి రేజ్ చెయ్యరా" అన్నారు. సైలెన్సర్‌లోంచి నీలం పొగ. "ఆయిల్ కాలుతోంది" అని తేల్చేశారు. గుడివాడ ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసిన ముక్కు ఆయనది.

నాకా సంగతి అప్పటికే తెలుసు. ఇంట్లో చెప్పలేదంతే. రానూపోనూ 800 మైళ్లకు రెండు క్వార్ట్‌ల ఆయిల్ పోశాను. క్వార్ట్ అంటే లీటరుకు కాస్త తక్కువ. అమ్మానాన్నలు వస్తే తిప్పడానికని సెకండ్ హ్యాండ్‌లో కొని, బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడిలో వాహన పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించిన బండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు బాత్రూమ్ వెంటే ఉండటం పెద్ద వరం. వాళ్లు తిరిగి వెళ్లడానికి ఇంకా మూడు నెలలుంది.

ఒక షాపుకు తీసుకెళ్తే పొగ చూసి, పిస్టన్ రింగులు పోయాయి, ఇంజిన్ మార్చాల్సిందే అన్నారు. అంచనా 9,000 డాలర్లు. బండి కొన్న ధరలో సగం. "అమ్మేద్దాం" అంది మా ఆవిడ.

ఆ రాత్రి నాన్న రెండే ప్రశ్నలు అడిగారు. "ఎన్ని మైళ్లకు ఎంత పోశావో రాసుకున్నావా? బండి ఎక్కడ నిలబెట్టి చూశావ్?" డిపోలో బండి బండికీ కేఎంపీఎల్ లెక్క రాసిన మనిషి. పగలంతా సర్వర్ల లాగ్‌లు చూసే నా దగ్గర ఒక్క అంకె లేదు.

మా డ్రైవ్‌వే రోడ్డు వైపు వాలుగా ఉంటుంది. బండి ముందు భాగం ఎత్తులో ఉంటే ఆయిల్ వెనక్కి జారి, మా ఇంజిన్‌లో డిప్‌స్టిక్ తక్కువ చూపిస్తుంది. అలా చూసే ప్రయాణానికి ముందు ఒక క్వార్ట్ పోశాను. నయాగరా క్యాంప్‌గ్రౌండ్‌లో ఇంజిన్ ఆపీ ఆపగానే చూసి మరొకటి. అప్పటికి ఆయిల్ ఇంకా పైనే ఉంటుంది, కింది సంప్‌లోకి దిగదు. మర్నాడు పొద్దున్నే బండిని చదునైన పార్కింగ్ లాట్‌కు తీసుకెళ్లి, గంటసేపు ఆపి, నాన్న డిప్‌స్టిక్ తీశారు. ఆయిల్ పై గీతను దాటి వేలెడు ఎత్తున ఉంది.

ఆయిల్ మితిమీరితే ఏమవుతుంది? తిరిగే క్రాంక్‌షాఫ్ట్ దాన్ని మజ్జిగలా చిలికేస్తుంది. ఆ నురగను పీసీవీ వాల్వు ఇన్‌టేక్‌లోకి లాగేస్తుంది. అక్కడి నుంచి సిలిండర్లలోకి వెళ్లి కాలి నీలం పొగ అవుతుంది. మట్టం దిగుతుంది. మనం 'తాగేస్తోంది' అనుకుని మళ్లీ పోస్తాం. మా పీసీవీ వాల్వు కూడా సగం తెరుచుకుని బిగుసుకుపోయింది. దాని రబ్బరు గొట్టం ముట్టుకుంటే విరిగింది.

డిప్‌స్టిక్ వాసన చూసి నాన్న ఇంకోటి పట్టుకున్నారు. "పెట్రోల్ వాసన వస్తోంది. చలికాలంలో ఏం చేశావ్?" బ్యాటరీ పోకూడదని వారం వారం పది నిమిషాలు ఐడిల్‌లో నడిపాను. మనవాళ్లలో చాలామంది చేసే పనే. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకపోతే పెట్రోల్, నీటి తేమ ఆయిల్‌లోకి దిగుతాయి. మట్టం నిండుగానే కనిపిస్తుంది. తొలి దూర ప్రయాణంలో వేడికి అవి ఆవిరైపోతే, ఆయిల్ ఒక్కసారిగా తగ్గినట్టు అనిపిస్తుంది. బ్యాటరీకి చార్జర్ పెట్టుకోవడమే మేలు.

ఆయిల్, ఫిల్టర్, వాల్వు, గొట్టం మార్చాం. 150 డాలర్లు కూడా కాలేదు. తర్వాత లెక్క రాస్తే 1,200 మైళ్లకు ముప్పావు క్వార్ట్ తగ్గింది. పాత పెద్ద ఇంజిన్‌కు, అంత బరువు లాగే బండికి నేను దీన్ని జబ్బు అనను. పెద్ద బండ్లలో వెయ్యి మైళ్లకు ఒక క్వార్ట్ వరకు తయారీదార్లే మామూలుగా చూసే సందర్భాలున్నాయి.

అలాగని షాపువాళ్లు చెప్పిందల్లా తప్పని కాదు. రింగులు నిజంగానే అరిగిపోతే ఎత్తు ఎక్కేటప్పుడు పొగ ఎక్కువ. వాల్వు సీళ్లు పోతే పొద్దున స్టార్ట్ చేయగానే ఒక మేఘం వచ్చి ఆగిపోతుంది. ఇంజిన్ విప్పకముందు కంప్రెషన్ టెస్ట్, లీక్‌డౌన్ టెస్ట్ అడగాలి. మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. వాడిన ఆయిల్ శాంపిల్‌ను ఇండియానాలోని బ్లాక్‌స్టోన్ వంటి ల్యాబ్‌కు పోస్ట్‌లో పంపితే ఇనుము, క్రోమియం ఎంత అరుగుతున్నాయో, కూలెంట్ కలుస్తోందో లేదో రాసి పంపుతారు. కాలిన ఆయిల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది కాబట్టి ఏళ్ల తరబడి పోస్తూ కూర్చోవడమూ చవక కాదు. ఇక ఎర్రటి ఆయిల్ ప్రెజర్ లైట్ వెలిగితే తర్వాతి ఎగ్జిట్ దాకా లాగొద్దు. షోల్డర్‌లో సురక్షితంగా ఆపి వెంటనే ఇంజిన్ కట్టేయాలి.

జులైలో అందరం మళ్లీ బయల్దేరాం. పోకనోస్ ఎక్కుతుంటే నాన్న కళ్లన్నీ సైడ్ మిర్రర్‌లోనే. పొగ లేదు. ఆయన గుడివాడ వెళ్లిపోయాక గ్లవ్ బాక్స్‌లో నోట్‌బుక్ మిగిలింది. తొలి పేజీల్లో ఆయన చేతిరాత, తర్వాత నాది. ప్రయాణం ముగించి ఫోన్ చేస్తే, మనవలు ఎలా ఉన్నారనే ముందు "రీడింగ్ ఎంతరా?" అంటారు.