వాన వెళ్లిపోయే దిండు

బాల్కనీ కుర్చీకి దిండు కుట్టడం తేలికే. అది మొదటి వానాకాలం దాటేలా కుట్టడమే అసలు విద్య

మే నెలలో కొన్న పేము కుర్చీలు బాల్కనీలో కొలువుదీరతాయి. వాటి మీదికి ముచ్చటపడి కుట్టించిన పూల దిండ్లు. జూన్‌లో ఓ సాయంత్రం గాలివాన. మర్నాడు ఎండ కాస్తుంది, పైగుడ్డ ఆరిపోతుంది. ఇంటాయన నిశ్చింతగా కూర్చుని కాఫీ తాగి లేచేసరికి ప్యాంటు వెనక తడి. వారం తిరిగేసరికి ముక్కిన వాసన, ఆ తర్వాత గలీబు మీద నల్లటి బూజు చుక్కలు. దసరా నాటికి ఆ దిండ్లు చెత్త బండి ఎక్కుతాయి. హైదరాబాద్, బెంగళూరు, పుణె... ఏ నగరంలోని అపార్ట్‌మెంట్‌కైనా ఇది పరిచయమున్న కథే.

నిజానికి మన ఇళ్లకు ఈ సమస్య కొత్త. ఆరుబయట నులక మంచం వేసి బొంత పరిచినా, తెల్లవారగానే చుట్టి లోపల పెట్టేయడం ఆనవాయితీ. పరుపులను డాబా మీద ఎండేసేవారు. గడ్డకట్టిన దూదిని దూదేకులవాళ్లు ఇంటికొచ్చి, విల్లు మోగిస్తూ ఏకి, మళ్లీ నింపి వెళ్లేవారు. రాత్రింబవళ్లూ బయటే పడి ఉండే దిండు పాశ్చాత్య తోటల నుంచి అరువు తెచ్చుకున్న అలవాటు. ఆ దేశాల ఇళ్లకు దిండు గలీబులు పంపే ఊళ్లలో తమిళనాడులోని కరూర్, హర్యానాలోని పానిపట్ కూడా ఉన్నాయన్నది వేరే ముచ్చట. అయితే అక్కడి తుంపర వేరు, మన నైరుతి రుతుపవనం వేరు.

ఇంట్లో మిషను ముందు కూర్చున్నవారికి మొదట తట్టే ఉపాయం నీళ్లు లోపలికి రాకుండా చూడటం. రెక్సిన్‌తోనో, ప్లాస్టిక్ పూత ఉన్న గుడ్డతోనో కుడతారు. కానీ సూది దిగిన ప్రతి చోటా ఓ రంధ్రం పడుతుంది. వాన ఆ కుట్ల వెంటే దూరుతుంది. ఇక బయటికి వచ్చే దారి ఉండదు. రెక్సిన్ దిండు నీళ్ల సంచిగా మారుతుంది. పైగా ఏప్రిల్ ఎండకు కాలి, ఒంటికి అతుక్కుంటుంది. కాబట్టి వాననెలా ఆపాలన్నది కాదు, వచ్చిన నీరు ఎలా పోతుందన్నదే ప్రశ్న.

జవాబు సగం లోపల నింపే సరుకులోనే ఉంది. దూది వద్దు. అది నీటిని పీల్చుకుంటుంది, బూజుకు ఆహారమూ అవుతుంది. బూరుగ దూది సంగతి కొంచెం భిన్నం. దాని పీచు మీద సన్నటి మైనపు పొర ఉండటంతో నీటిని అంటనివ్వదు. ఒకప్పుడు ఓడల్లో ప్రాణరక్షక కోట్లలో నింపింది దాన్నే. 1942లో జావా జపాన్ చేతిలో పడి ఆ దూది సరఫరా ఆగిపోతే, అమెరికా తన బడిపిల్లల చేత మన జిల్లేడు కుటుంబానికే చెందిన ఓ మొక్క కాయల నూగును ఏరించింది. అయినా, కూరి నింపిన బూరుగ దిండులో చిక్కిన తేమ త్వరగా ఆరదు, ఉతకడమూ కష్టమే. కప్పు ఉన్న వరండా వరకు అదే మేలు. పూర్తిగా ఆరుబయటైతే అక్వేరియం ఫిల్టర్లలో వాడేలాంటి పెద్ద రంధ్రాల స్పాంజి కావాలి. అది దొరకకపోతే పాలిస్టర్ పీచు నింపుకోవచ్చు. మామూలు స్పాంజి నీటిని పట్టి ఉంచుతుంది.

ఇక పైగుడ్డ. నూలు కాన్వాస్ చవక, కుట్టడం సులువు. కానీ రంగు వెలుస్తుంది, బూజు పడుతుంది, ముందే ఓ రాత్రి నానబెట్టి ఆరబెట్టకపోతే కుంచించుకుపోతుంది. గొడుగులకు, పడవల కప్పులకు వాడే యాక్రిలిక్ గుడ్డలో దారం తీయకముందే రంగు కలిపేస్తారు. ఆపిల్ పండుకు తొక్క వరకే ఎరుపు, బీట్‌రూట్‌కు లోపలంతా ఎరుపే. తేడా అదే. ఖరీదెక్కువ గనుక పై భాగానికే వాడి, అడుగున స్కూలు బ్యాగుల పక్క జేబులకు కుట్టే పాలిస్టర్ వల వేస్తే సరి. నీరు బయటపడే తలుపు ఆ వలే.

కొలతలు కష్టమేం కాదు. 45 సెంటీమీటర్ల చదరపు సీటుకు 5 సెంటీమీటర్ల మందం స్పాంజి అనుకుంటే, పైగుడ్డ, అడుగు వల చెరో 48 సెంటీమీటర్లు, అంటే కుట్టుకు చుట్టూ ఒకటిన్నర వదిలినట్టు. మూడు పక్కలకు 138 పొడవు, 8 వెడల్పున్న పట్టీ ఒకటి. వెనక పక్కకు 48 పొడవు, అయిదున్నర వెడల్పున్నవి రెండు. ఈ రెంటి మధ్యే జిప్పు. అది ప్లాస్టిక్‌దై ఉండాలి, ఇనుముదైతే తుప్పు మరక ఖాయం. మూలల దగ్గర పట్టీ అంచున ఒక సెంటీమీటరు గాటు పెడితేనే గుడ్డ చక్కగా మలుపు తిరుగుతుంది. అన్నివైపులా కుట్టేశాక జిప్పు మూసి ఉందని గుర్తొచ్చి తల పట్టుకోవడం కొత్తవారికి తప్పని అనుభవం. చివరి కుట్టుకు ముందే దాన్ని సగం తెరిచి ఉంచాలి.

చాలామంది లెక్కచేయనిది దారం. చేతికందిన నూలు రీలుతో కుట్టేస్తే ఎండకు, తడికి గుడ్డ కన్నా ముందు కుట్లే పుటుక్కుమంటాయి. నైలాన్ బలంగా కనిపిస్తుంది గానీ ఎండకు త్వరగా నీరసిస్తుంది. పాలిస్టర్ దారం, పదహారో నంబరు సూది, మూడు మిల్లీమీటర్లకు తగ్గని కుట్టు ఉండాలి. కుట్లు మరీ దగ్గరైతే రంధ్రాలు పెరిగి గుడ్డే చిరుగుతుంది. వెనక మూలల్లో రెండేసి నాడాలు కుట్టకపోతే మొదటి గాలికే దిండు పక్కింటివారి బాల్కనీకి చేరుతుంది.

ఇంత చేసినా అడుగు వల పనిచేసేది పేము కుర్చీ మీద, చెక్క పట్టీల బెంచీ మీదే. కడప బండ మీదో, సిమెంటు దిమ్మె మీదో నీరు దిగడానికి చోటుండదు. అక్కడైతే వాన వెలిశాక దిండును జిప్పు వైపు కిందికి వచ్చేలా గోడకు నిలబెట్టాల్సిందే.