కరెంటు పోయిన వేళ సౌరశక్తి: ఫలకాల కంటే ముందు లెక్కించవలసింది నిల్వ

ఇంటి పైకప్పు మీద సౌర ఫలకాలు అమర్చుకున్న రైతు, ఊరంతా కరెంటు పోయినా తన ఇంట్లో ఉంటుందని సహజంగానే ఆశిస్తాడు. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తుండగానే ఫ్యాను ఆగిపోతే పరికరం పాడైందని భావిస్తాడు. నిజానికి అది సక్రమంగానే పనిచేసింది. గ్రిడ్‌కు అనుసంధానించిన సాధారణ ఇన్వర్టర్, లైనులో విద్యుత్తు లేదని గుర్తించిన వెంటనే తనంతట తాను ఆగిపోతుంది. అలా ఆగకపోతే, సరఫరా లేదనుకొని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణాలకు మన ఫలకాల విద్యుత్తే ముప్పు తెస్తుంది.

కనుక బిల్లు తగ్గించే సౌర వ్యవస్థ వేరు, సరఫరా ఆగినప్పుడు ఆదుకొనే వ్యవస్థ వేరు. రెండవదానికి హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికి తగిన బ్యాటరీ తప్పనిసరి. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకంలో ఇంటికి లభించే రాయితీ 2 కిలోవాట్లకు 60 వేల రూపాయలు, 3 కిలోవాట్లు లేదా అంతకు మించితే 78 వేలు. ఇది ఫలకాల సామర్థ్యాన్ని బట్టి లెక్కించే మొత్తమే గాని బ్యాటరీని బట్టి కాదు. ఈ భేదాన్ని కొనుగోలుకు ముందే రైతుకు వివరించడం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యతగా నేను భావిస్తాను.

"ఎన్ని కిలోవాట్లు పెట్టించమంటారు?" అని రైతు అడుగుతాడు. మనం తిరిగి అడగవలసిన ప్రశ్న వేరు: కరెంటు పోతే ఏ పని ఆగుతుంది, ఆ పనిని ఎండ ఉన్న వేళకు మార్చవచ్చునా? మార్చగలిగితే బ్యాటరీ అవసరం చాలావరకు తొలగిపోతుంది.

నీటి విషయమే చూడండి. 60 మీటర్ల లోతు నుండి 10 వేల లీటర్ల నీటిని పైకి తోడడానికి సిద్ధాంతరీత్యా కావలసింది 1.6 యూనిట్లు. పంపు, మోటారు, గొట్టాల నష్టాలన్నీ కలిపి మొత్తం సామర్థ్యం 40 శాతం అనుకుంటే 4 యూనిట్లు. పగలు సౌర పంపుతో తొట్టి నింపుకున్న రైతు, 4 యూనిట్ల బ్యాటరీ చేయవలసిన పనిని సిమెంటు తొట్టితో చేయించుకుంటున్నాడన్నమాట. తొట్టికి ఛార్జింగ్ అక్కరలేదు, అయిదారేళ్లకు మార్చవలసిన పనీ లేదు. పశువుల దాహానికి, నారుమడులకు ఇంతకు మించిన బ్యాకప్ లేదు.

పాల శీతలీకరణలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఒక కిలో మంచు కరిగేటప్పుడు 334 కిలోజౌళ్ల వేడిని గ్రహిస్తుంది. 500 లీటర్ల పాలను 35 డిగ్రీల నుండి 4 డిగ్రీలకు దించడానికి సుమారు 190 కిలోల మంచు సరిపోతుంది. నష్టాలకు మరికొంత కలుపుకోవాలి. పగటి ఎండతో ఆ మంచును తయారుచేసి ఉంచుకుంటే సాయంత్రపు పాల సేకరణ వేళ కరెంటు పోయినా పాలు విరగవు. ఇక్కడ బ్యాటరీ పాత్ర పాలను కలిపే మోటారుకు, చల్లని నీటిని తిప్పే చిన్న పంపుకు మాత్రమే పరిమితం.

అసలు చిక్కు వాయిదా వేయలేని పనులతో వస్తుంది. గోదావరి డెల్టాలోని రొయ్యల చెరువులు ఇందుకు తగిన ఉదాహరణ. పగలు వృక్షప్లవకాలు కిరణజన్య సంయోగక్రియ ద్వారా నీటికి ప్రాణవాయువును అందిస్తాయి. రాత్రి అవే దానిని వాడుకుంటాయి. తెల్లవారుజామున నీటిలో కరిగిన ప్రాణవాయువు కనిష్ఠ స్థాయికి చేరుతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే తగ్గితే వనామి రొయ్య తీవ్ర ఒత్తిడికి లోనవుతుంది. ఎండ లేని ఆ వేళలోనే ఏరేటర్లు తప్పక తిరగాలి.

రెండేసి హార్స్‌పవర్ గల నాలుగు ఏరేటర్లు ఉన్న చెరువును తీసుకుందాం. అవి సుమారు 7 కిలోవాట్లు వాడుకుంటాయి. రాత్రి 8 గంటలకు 56 యూనిట్లు. లిథియం బ్యాటరీలో 80 శాతం వరకు వాడుకోవచ్చుననుకున్నా 70 యూనిట్ల బ్యాటరీ కావాలి. దానిని నింపడానికి, కిలోవాటుకు రోజుకు 4 యూనిట్ల వంతున, నష్టాలను లెక్కించకుండానే 14 కిలోవాట్ల ఫలకాలు కావాలి. ఒక్క చెరువుకు ఇంత పెట్టుబడిని సిఫారసు చేయడం నా దృష్టిలో సమంజసం కాదు. అరగంట అంతరాయానికైతే 3.5 యూనిట్లు చాలు. కాపలాదారు నిద్ర లేచి డీజిల్ జనరేటరు నడిపించే వరకు చెరువును కాపాడడమే ఇక్కడ బ్యాటరీ కర్తవ్యం. అయితే 5 యూనిట్ల బ్యాటరీ శక్తి లెక్కకు సరిపోయినా, 7 కిలోవాట్లను ఒకేసారి అందించలేకపోవచ్చు. పైగా మోటారు మొదలయ్యే క్షణంలో సాధారణ ప్రవాహానికి ఆరేడు రెట్లు లాగుతుంది. అందువల్ల బ్యాటరీ 10 యూనిట్లకు తగ్గకుండా చూసుకోవాలి. ఏరేటర్లను ఒకదాని తర్వాత ఒకటిగా, వీలైతే సాఫ్ట్ స్టార్టరుతో నడపాలి. విద్యార్థులు తమ లెక్కల్లో తరచుగా విస్మరించేది ఈ అంశాన్నే: యూనిట్లు వేరు, కిలోవాట్లు వేరు.

జనరేటరును అమ్మివేయమని సలహా ఇచ్చే అమ్మకందార్లతో నేను ఏకీభవించను. కోస్తాలో సరఫరా దీర్ఘకాలం ఆగిపోయేది తుఫానులలో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటిన తరువాత అనేక ప్రాంతాలు రోజుల తరబడి చీకటిలో ఉన్నాయి. తుఫాను మబ్బు కింద ఫలకాల ఉత్పత్తి కూడా పడిపోతుంది. ఆ రోజులకు డీజిల్ ఉండవలసిందే. మిగిలిన సంవత్సరమంతా దాని ఖర్చును సౌరశక్తి తగ్గిస్తుంది.

బ్యాటరీ ఎంపికలో మన ఎండలను మరువరాదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీలపై ప్రతి 10 డిగ్రీలకు దాదాపు సగమవుతుంది. మే నెలలో రేకుల షెడ్డులో ఉంచిన బ్యాటరీ ఎంతకాలం మన్నుతుందో ఊహించవచ్చు. ఫలకాలకు ఎండ కావాలి, బ్యాటరీకి నీడ, గాలి కావాలి. షెడ్డుకు ఉత్తరపు గోడ వైపు, పైన కొబ్బరాకు లేదా తాటాకు పందిరి వేసి, వాననీరు చేరని ఎత్తయిన గట్టు మీద ఉంచితే చాలు. దానికి అయ్యే ఖర్చు బ్యాటరీ ధరలో లెక్కలోకి రానంత స్వల్పం.