మీకు తెలుసా? వరి కణం కేంద్రకంలోనూ ఆక్టిన్!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో సాగర్ ఎడమ కాలువ కింద పచ్చగా పరుచుకునే వరి పైరులో ప్రతి మొక్క కణంలోనూ ఆక్టిన్ ఉంటుంది. హంగేరీలోని సెగెడ్‌లో 1942లో బ్రూనో స్ట్రౌబ్ కండరం నుంచి వేరుచేసిన ప్రోటీన్ కుటుంబమే ఇది.

కణానికి ఆకారం, కదలిక ఇవ్వడమే దీని పని అని చాలాకాలం భావించారు. కేంద్రకంలో కనిపిస్తే, బయటి నుంచి కలిసిన మలినమని చాలామంది కొట్టిపారేశారు. నిజానికి దానికి అక్కడ పెద్ద బాధ్యతే ఉంది. డీఎన్‌ఏ హిస్టోన్ ప్రోటీన్లకు దారం ఉండలా చుట్టుకుని ఉంటుంది. ఆ చుట్లను జరిపే ‘ఐఎన్‌ఓ80’ వంటి యంత్రాంగాల్లో ఆక్టిన్, దాని బంధువులైన ‘ఆర్ప్’ ప్రోటీన్లు కలిసి పనిచేస్తాయి.

వీటిలో ఆర్ప్6 కథ మరీ ఆసక్తికరం. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో దాని జన్యువు ఒక్కటి పనిచేయకపోతే, పూతను ఆపి ఉంచే మరో జన్యువు బలహీనపడుతుంది. మొక్క ముందే పూస్తుంది! ఆర్ప్ జన్యువులు వరిలోనూ ఉన్నాయి.

ఆక్టిన్ కేంద్రకంలో స్థిరంగా ఉండిపోదు. జంతు కణాల్లో ఇంపోర్టిన్-9 అనే ప్రోటీన్ దాన్ని లోపలికి తెస్తుంది, ఎక్స్‌పోర్టిన్-6 అనే ప్రోటీన్ బయటికి పంపుతుంది. జెనోపస్ కప్ప అండకణంలో ఎక్స్‌పోర్టిన్-6 ఉండదు. అందుకే అక్కడ పోగుపడిన ఆక్టిన్ వలలా అల్లుకుని, ఆ భారీ కేంద్రకాన్ని నిలబెడుతుంది.