కోడు రాయకుండా గణాంక రేఖాచిత్రాలు గీయడం

గణాంక రేఖాచిత్రం అనగా సేకరించిన అంకెలను బిందువులు, గీతలు, కమ్మీలు మొదలైన ఆకారాలలో చూపే చిత్రం. ఇటువంటి చిత్రాన్ని కంప్యూటరులో రెండు విధాలుగా తయారు చేయవచ్చును. మొదటిది ప్రోగ్రామింగు భాషలో ఆదేశాలు రాయడం. రెండవది తెరపై కనిపించే మెనూలు, బొత్తాలు, పెట్టెలను మౌసుతో ఎంచుకోవడం. ఈ రెండవ పద్ధతిని గ్రాఫికల్ ఇంటర్‌ఫేసు పద్ధతి అంటారు. ఇందులో కోడు రాయవలసిన అవసరం లేదు. అయితే ఏ రకం చిత్రం గీయాలి, అక్షం ఎక్కడ మొదలు కావాలి, తరగతి అంతరం ఎంత ఉండాలి అనే నిర్ణయాలు మాత్రం తప్పవు. వాడుకరి నిర్ణయించకపోతే సాఫ్టువేరు తనలో ముందుగా అమర్చిన పద్ధతిని అనుసరిస్తుంది. దీనినే డిఫాల్టు అంటారు. గోదావరి వరద మట్టాలు, తూర్పు గోదావరి జిల్లా జనాభా, కోనసీమ కొబ్బరి తోటలు ఈ వ్యాసంలో ఉదాహరణలుగా తీసుకోబడినవి.

చరిత్ర

అంకెలను కమ్మీలుగా, గీతలుగా చూపే పద్ధతికి స్కాట్లాండుకు చెందిన విలియం ప్లేఫెయిర్ 1786లో ప్రచురించిన గ్రంథం ఆద్యమని చెబుతారు. వృత్త రేఖాచిత్రాన్ని కూడా ఆయనే 1801లో ప్రవేశపెట్టాడు. ఆ తరువాత దాదాపు రెండు శతాబ్దాల పాటు రేఖాచిత్రాలను గ్రాఫు కాగితంపై చేతితోనే గీసేవారు. పాఠశాలలలో నేటికీ మొదట ఈ విధంగానే నేర్పుతారు.

1968లో వెలువడిన ఎస్.పి.ఎస్.ఎస్. వంటి తొలి గణాంక సాఫ్టువేర్లకు ఆదేశాలను రాసి ఇవ్వవలసి వచ్చేది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3, 1985లో మకింటోష్ కొరకు విడుదలైన ఎక్సెల్ వంటి స్ప్రెడ్‌షీట్ల వలన పట్టికలోని అంకెలను నేరుగా చిత్రంగా మార్చడం సామాన్యులకు కూడా సాధ్యమైనది.

న్యూజీలాండులోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ రూపొందించిన ఆర్ అనే గణాంక భాష 1993లో వెలుగులోకి వచ్చింది. ఇది ఉచితం, శక్తిమంతం. కానీ కోడు రాయడం రానివారికి కష్టం. ఈ లోటు తీర్చుటకు కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ ఫాక్స్ 2003లో ఆర్ కమాండర్ అనే మెనూల తొడుగును తయారు చేశాడు. ఆర్ భాష ఆధారంగానే పనిచేసే జామోవి 2017లో వెలువడింది.

ఉచితంగా లభించే సాఫ్టువేర్లు

- లిబ్రెఆఫీస్ క్యాల్క్: 2010లో ఓపెన్ఆఫీస్ నుండి విడివడిన కార్యాలయ సాఫ్టువేరులోని స్ప్రెడ్‌షీటు. కమ్మీ, గీత, వృత్త చిత్రాలకు, స్కాటర్ చిత్రాలకు అనువైనది.
- ఆర్ కమాండర్: "గ్రాఫ్స్" మెనూలో సోపాన చిత్రం, బాక్స్ ప్లాట్, స్కాటర్ ప్లాట్ మొదలైనవి కలవు. మౌసుతో చేసిన ప్రతి పనికీ తగిన ఆర్ కోడును పై కిటికీలో చూపుతుంది.
- జామోవి: "ఎక్స్‌ప్లొరేషన్" విభాగంలో చలరాశులను పెట్టెలలోకి జరిపితే చిత్రం వెంటనే కనిపిస్తుంది.
- జాస్ప్: ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో రూపొందినది. వాడే విధానం జామోవిని పోలి ఉంటుంది.
- పి.ఎస్.పి.పి.: గ్నూ ప్రాజెక్టుకు చెందినది. ఎస్.పి.ఎస్.ఎస్. అలవాటు ఉన్నవారికి సులభం.

దత్తాంశాన్ని సిద్ధం చేయడం

మెనూల ద్వారా గీసిన చిత్రాలలో కనిపించే తప్పులలో చాలావాటికి మూలం చిత్రంలో కాక పట్టికలో ఉంటుంది. పట్టికలో ఒక్కొక్క అడ్డు వరుస ఒక్కొక్క పరిశీలనకు, ఒక్కొక్క నిలువు వరుస ఒక్కొక్క చలరాశికి కేటాయించాలి. ఈ క్రింది జాగ్రత్తలు కూడా అవసరం.

1. గడిలో అంకె మాత్రమే ఉండాలి. "11.75 అడుగులు" అని రాస్తే సాఫ్టువేరు దానిని సంఖ్యగా కాక పదంగా భావిస్తుంది. ప్రమాణాన్ని నిలువు వరుస శీర్షికలో రాయాలి.
2. 51,54,296 అని లక్షల పద్ధతిలో కామాలు పెట్టిన సంఖ్యలను కొన్ని సాఫ్టువేర్లు గుర్తించలేవు. కామాలు తొలగించడం క్షేమం.
3. కొలత తీసుకోని సమయానికి గడిని ఖాళీగా వదలాలి. సున్న వేస్తే, ఆ గంటలో నది ఎండిపోయినట్లు గీత అడుగుకు పడిపోతుంది.
4. స్త్రీలకు 1, పురుషులకు 2 వంటి సంకేతాలు వాడినపుడు అవి కొలతలు కావని, వర్గాలని సాఫ్టువేరుకు తెలపాలి. లేనిచో వాటికి కూడా సగటు కట్టి చూపుతుంది.

ఉదాహరణ 1: గోదావరి వరద మట్టం

కోనసీమ గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠల నడుమ ఉన్నది. మధ్యలో వైనతేయ పాయ చీలుతుంది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847 - 1852 మధ్య ఆనకట్ట కట్టిన ధవళేశ్వరం వద్ద నేడు ఆయన పేరిట బ్యారేజి ఉన్నది. అక్కడి నీటిమట్టాన్ని బట్టి వరద హెచ్చరికలు జారీ చేస్తారు. 11.75 అడుగులకు మొదటి, 13.75 అడుగులకు రెండవ, 17.75 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక ఉంటుంది. వరద పెరిగినపుడు లంక గ్రామాల కాజ్‌వేలు మునిగి, రాకపోకలకు పడవలే దిక్కవుతాయి. కావున ఇక్కడి ప్రజలకు నీటిమట్టం ఎంత అనే దానితో పాటు ఎంత వేగంగా పెరుగుతున్నది అనేది కూడా ముఖ్యం. పట్టికలో వెంటనే తెలియని ఆ వేగం రేఖాచిత్రంలో గీత వాలును బట్టి తెలుస్తుంది.

క్యాల్క్‌లో ఈ చిత్రాన్ని గీయుటకు మొదటి నిలువు వరుసలో తేదీ, సమయం, రెండవ దానిలో నీటిమట్టం నింపాలి. తరువాతి మూడు నిలువు వరుసలలో పై నుండి క్రింది వరకు 11.75, 13.75, 17.75 అని నింపితే, అవి చిత్రంలో మూడు అడ్డగీతలుగా, అనగా హెచ్చరిక రేఖలుగా వస్తాయి. ఆ తరువాత పట్టికను ఎంచుకుని "ఇన్సర్ట్" మెనూలో "చార్ట్" నొక్కాలి. ఇక్కడే ఒక ముఖ్యమైన నిర్ణయం ఉన్నది.

"లైన్" అనే రకం ఎంచుకుంటే, సాఫ్టువేరు సమయాలను కేవలం పేర్లుగా భావించి, కొలతలన్నిటినీ సమాన దూరంలో పేర్చే అవకాశం కలదు. ఉదాహరణకు ఉదయం 6 గంటలకు ఒక కొలత, మధ్యాహ్నం 12 గంటలకు మరొకటి, ఆపై గంటకొకటి చొప్పున తీసుకున్నారనుకుందాం. 6 నుండి 12 వరకు నీరు ఎంత పెరిగినదో, 12 నుండి 1 వరకు కూడా అంతే పెరిగితే, వేగం ఆరు రెట్లయినట్లు. కానీ సమాన దూరంలో పేర్చిన చిత్రంలో రెండు భాగాల వాలు ఒకటే. వరద ఉధృతమైన వేళ గీత నింపాదిగా సాగుతున్నట్లు కనిపిస్తుంది. "ఎక్స్ వై స్కాటర్" రకం తీసుకుని, బిందువులను గీతలతో కలిపే ఎంపికను వాడితే సమయం తన నిజమైన దూరంలో పడుతుంది. రెండు పద్ధతులకూ పట్టిక ఒక్కటే. తేడా మౌసు నొక్కే చోటులోనే ఉన్నది.

భద్రాచలం మట్టాన్ని కూడా అదే చిత్రంలో చూపదలచినపుడు మరొక జాగ్రత్త అవసరం. అక్కడి హెచ్చరికలు 43, 48, 53 అడుగుల వద్ద ఉంటాయి. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు నమోదయ్యాయి. ఈ అడుగులు, ధవళేశ్వరం అడుగులు వేర్వేరు కొలబద్దలవి. భద్రాచలంలో 53, ధవళేశ్వరంలో 17.75, రెండూ మూడవ హెచ్చరికయే. ఒకే అక్షంపై గీస్తే ధవళేశ్వరం గీత ఎప్పుడూ అడుగున ఉండి, ఎగువన ముప్పు, దిగువన క్షేమం అనే భ్రమ కలుగుతుంది. ఒకే సమయ అక్షంతో ఒకదాని క్రింద ఒకటిగా రెండు చిత్రాలు గీయడం మేలు.

ఉదాహరణ 2: జనాభా కమ్మీలు

జనాభా లెక్కల ప్రకారం అవిభక్త తూర్పు గోదావరి జిల్లా జనాభా 2001లో 49,01,420, 2011లో 51,54,296. పదేళ్ళలో పెరుగుదల దాదాపు 5.2 శాతం. ఈ రెండు సంఖ్యలకు కమ్మీ చిత్రం గీసి, నిలువు అక్షాన్ని 48 లక్షల వద్ద మొదలుపెడితే, రెండవ కమ్మీ మొదటి దానికంటే దాదాపు మూడున్నర రెట్లు పొడవుగా వస్తుంది. చూసేవారు కమ్మీ పొడవునే పరిమాణంగా గ్రహిస్తారు గనుక ఇది తప్పుదోవ పట్టిస్తుంది. కొన్ని సాఫ్టువేర్లు అక్షం మొదలును తామే నిర్ణయిస్తాయి. కావున అక్షం అమరికలో కనిష్ఠ విలువ సున్న ఉన్నదో లేదో చూసుకోవాలి. ఈ నియమం కమ్మీలకు సంబంధించినది. నీటిమట్టం వంటి గీత చిత్రాలకు అక్షం సున్న వద్దనే మొదలు కానవసరం లేదు. అక్కడ చూపు గీత స్థానం మీద, వాలు మీద ఉంటుంది.

ఇదే దత్తాంశంలో మరొక చిక్కు కలదు. 2022 ఏప్రిల్ 4న జిల్లా విభజన జరిగి, అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. అదే సంవత్సరం దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాగా మారింది. తూర్పు గోదావరి అనే పేరు రాజమహేంద్రవరం కేంద్రంగా గల చిన్న జిల్లాకు మిగిలింది. పాత, కొత్త హద్దుల అంకెలను ఒకే పేరు క్రింద నింపితే, సాఫ్టువేరు ఏ అభ్యంతరం చెప్పకుండా వాటిని గీతతో కలుపుతుంది. అపుడు లక్షల మంది జిల్లా వదలి పోయినట్లు కనిపిస్తుంది. మండలాల వారీ అంకెలు తీసుకుని ఒకే హద్దులకు కూడుకోవడం దీనికి పరిష్కారం. అమలాపురం, రాజోలు, కొత్తపేట వంటి మండలాల అంకెలను ఈ విధంగా కూడి పాత సంవత్సరాలతో పోల్చవచ్చును.

ఉదాహరణ 3: కొబ్బరి కాపు

ఒక తోటలో చెట్టుకు ఏడాదికి ఎన్ని కాయలు వచ్చినవో లెక్కించి సోపాన చిత్రం గీయాలనుకుందాం. ఆర్ కమాండర్‌లో "గ్రాఫ్స్" మెనూ నుండి "హిస్టోగ్రామ్" ఎంచుకుంటే, తరగతుల సంఖ్యను అడిగే గడి ఉంటుంది. దానిని మార్చకపోతే హెర్బర్ట్ స్టర్జెస్ 1926లో ప్రతిపాదించిన సూత్రం ప్రకారం ఆర్ భాష తరగతులను ఏర్పరుస్తుంది.

తోటలో ఈస్ట్ కోస్ట్ టాల్ అనే దేశవాళీ రకంతో పాటు, అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం నుండి వెలువడిన గోదావరి గంగ వంటి సంకరజాతి చెట్లు కూడా ఉంటే, కాపులో రెండు గుంపులు ఉండవచ్చును. తరగతి అంతరం మరీ పెద్దదైతే ఆ రెండు గుంపులూ కలిసి ఒకే దిబ్బగా కనిపిస్తాయి. మరీ చిన్నదైతే చిత్రమంతా ఎగుడుదిగుడై ఏమీ తెలియదు. కావున మూడు నాలుగు అంతరాలతో గీసి పోల్చి చూడాలి.

జాన్ టూకీ 1977 నాటి గ్రంథం ద్వారా ప్రచారంలోకి వచ్చిన బాక్స్ ప్లాట్ మధ్యగతాన్ని, చతుర్థాంశాలను చూపుతుంది. అయితే రెండు గుంపులు కలిసిపోయిన సంగతిని ఇది చూపలేదు. జామోవిలో "స్ప్లిట్ బై" అనే పెట్టెలో చెట్టు రకాన్ని ఉంచితే, ఒక్కొక్క రకానికి ఒక్కొక్క బాక్స్ వచ్చి తేడా తెలుస్తుంది. లేనిచో తోట మొత్తానికి వచ్చే సగటు ఏ రకానికీ సరిపోని అంకె కావచ్చును.

తెలుగు అక్షరాలు

శీర్షికలను, అక్షాల పేర్లను తెలుగులో రాయుటకు యూనికోడు ఖతి అవసరం. విండోస్‌లో వాడుకోగల ఒక తెలుగు ఖతికి గోదావరి పాయ పేరైన గౌతమి అనే పేరే ఉన్నది. కొన్ని సాఫ్టువేర్లలో చిత్రాన్ని పి.డి.ఎఫ్.గా భద్రపరచినపుడు తెలుగు అక్షరాలకు బదులు ఖాళీ గడులు రావడం, ఒత్తులు విడిపోవడం జరుగుతుంది. అటువంటపుడు పి.ఎన్.జి. రూపంలో భద్రపరచి చూడాలి. లేదా క్యాల్క్‌లో శీర్షికలు చేర్చుకోవాలి.

ప్రయోజనాలు, పరిమితులు

ఈ పద్ధతి నేర్చుకొనుట సులభం. విద్యార్థి ఆదేశాల అక్షర దోషాలతో కుస్తీ పట్టక, అంకెల అర్థం మీద దృష్టి పెట్టవచ్చును. ఒకే దత్తాంశాన్ని పలు రకాల చిత్రాలుగా నిమిషాలలో మార్చి చూడవచ్చును.

ప్రధాన పరిమితి ఏమనగా, మౌసుతో చేసిన పనికి సాధారణంగా జాడ మిగలదు. వచ్చే ఏడాది వరదకు అదే చిత్రం మళ్ళీ గీయవలసి వస్తే ఏ బొత్తాలు నొక్కినదీ గుర్తుండదు. ఆర్ కమాండర్ చూపే కోడును భద్రపరచుకోవడం, జామోవి దస్త్రంలో అంకెలను, అమరికలను కలిపి దాచుకోవడం దీనికి ఉపాయాలు. స్ప్రెడ్‌షీటు వాడేవారు అక్షం మొదలు, తరగతి అంతరం, వదలిన కొలతలు, అంకెలు తీసుకున్న చోటు, తేదీ అదే దస్త్రంలో మరొక పుటలో రాసి ఉంచాలి. అపుడు ఆ చిత్రాన్ని ఇతరులు కూడా సరిచూడగలరు.

ఇవి కూడా చూడండి

- గణాంక శాస్త్రం
- సి.ఆర్. రావు
- మధ్యగతం
- ధవళేశ్వరం ఆనకట్ట
- కోనసీమ