ఒంటరి గినీ పిగ్‌కు జోడీ: ఎవరిని తేవాలి, ఎట్ల కలపాలి?

నిజామాబాద్, బోధన్ వైపు ఇండ్లల్ల ఈ మధ్య పిల్లులు, చిలుకలు, కుందేళ్లతో పాటు గినీ పిగ్‌లు కూడా కనిపిస్తున్నాయి. పిల్లగాండ్లు ఈదీ డబ్బులతోనో, పుట్టినరోజు కానుకగానో అడుగుతారు. హైదరాబాద్ పోయినప్పుడు ముర్గీ చౌక్ నుంచో, ఇక్కడి పెట్ షాపు నుంచో ఒకటి తెస్తారు. చాలా ఇండ్లల్ల వచ్చేది ఒక్కటే. కొన్నాళ్లకు అది మూలకు ముడుచుకొని కూర్చుంటుంది, మేత తగ్గిస్తుంది, కేజ్ ఊచలు కొరుకుతుంది. అప్పుడు "దీనికి జోడీ తేవాల్నా?" అనే ప్రశ్న వస్తుంది. తేవాలి. కానీ ఏది పడితే అది తెస్తే ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది.

పేరులో పంది, జాతి వేరు

ముందు ఒక అనుమానం తీర్చుకుందాం. పేరులో 'పిగ్' ఉందని కొన్ని ఇండ్లల్ల దీన్ని గడప దాటనివ్వరు. ఇది పంది కాదు. ఎలుక, ఉడుతల వర్గానికి చెందిన గడ్డి తినే చిన్న జంతువు. ఆఫ్రికాలోని గినీ దేశంతో కూడా సంబంధం లేదు. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. పెరూ, బొలీవియా ప్రాంతాల్లో వేల ఏండ్ల నుంచి పెంచుతున్నారు. అక్కడ దీన్ని 'కూయ్' అంటారు.

దీని అడవి చుట్టాలు గుంపుగా బతుకుతాయి. గద్ద వస్తే ఒకటి చూసి మిగతావాటిని హెచ్చరిస్తుంది. ఒంటరిగా ఉన్నదానికి ఆ కాపలా ఉండదు కాబట్టి ఎప్పుడూ భయంతోనే ఉంటుంది. మనం ఎంత ముద్దు చేసినా రాత్రంతా దాని పక్కన ఉండలేం, దాని భాషలో మాట్లాడలేం. అందుకే స్విట్జర్లాండ్‌లో 2008 సెప్టెంబర్ నుంచి గినీ పిగ్‌ను ఒంటరిగా పెంచడం చట్టవిరుద్ధం. మన దగ్గర అలాంటి చట్టం లేదు. బేజుబాన్ జీవి కాబట్టి బాధ్యత మనదే.

మగనా, ఆడనా: ముందు తేల్చుకోండి

షాపులో చెప్పిన మాటను నమ్మొద్దు, పొరపాట్లు చాలా జరుగుతాయి. కింది భాగంలో ఆడదానికి ఇంగ్లిష్ 'వై' అక్షరం లాంటి గీత కనిపిస్తుంది. మగదానికి చిన్న గుండ్రని బొడిపె ఉంటుంది, దాని పైన మెల్లగా ఒత్తితే అంగం బయటికి వస్తుంది. చేతకాకపోతే పశువుల డాక్టర్‌తో చూపించండి. మీ ఇంట్లో ఉన్నదాన్ని, కొత్తగా తెచ్చేదాన్ని, రెండింటినీ చూడాలి.

ఏ జోడీ కుదురుతుంది?

*రెండు ఆడవి:* అన్నింటికన్నా తేలిక. వయసు తేడా ఉన్నా ఎక్కువగా సర్దుకుంటాయి.

*రెండు మగవి:* కుదురుతుంది. పెద్ద మగదానికి చిన్న మగ పిల్లను తెస్తే పెద్దది పెద్దరికం చేస్తుంది, చిన్నది ఒప్పుకుంటుంది. అయితే చిన్నది మూడు నాలుగు నెలల వయసుకు వచ్చినప్పుడు కొట్లాటలు మొదలు కావచ్చు. జాగా ఎక్కువ ఇవ్వాలి. దగ్గర్లో ఆడదాన్ని ఉంచొద్దు.

*ఆపరేషన్ అయిన మగ, ఆడ:* మంచి జోడీ. కానీ విత్తులు తీసే ఆపరేషన్‌కు ఇంత చిన్న జంతువులకు మత్తు ఇచ్చిన అనుభవం ఉన్న డాక్టర్ కావాలి. ఆపరేషన్ తర్వాత కూడా ఆరు వారాల దాకా మగదాన్ని వేరుగానే ఉంచాలి.

*ఆపరేషన్ కాని మగ, ఆడ:* వద్దు. "రెండు మూడు పిల్లలే కదా" అనుకుంటారు. ఆడది సుమారు 60 నుంచి 70 రోజులు సూడితో ఉంటుంది, ఈతకు రెండు నుంచి నాలుగు పిల్లలు. ఈనిన కొన్ని గంటల్లోనే మళ్లీ సూడి కట్టగలదు. ఏడాదిలో నాలుగైదు ఈతలు కావచ్చు. మగ పిల్లలను మూడు వారాలకే వేరు చేయకపోతే అవి తల్లితోనే కలుస్తాయి.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. ఏడెనిమిది నెలలు దాటినా ఒక్కసారి కూడా ఈనని ఆడదాని కటి ఎముకల కీలు గట్టిపడిపోతుంది. ఆ తర్వాత సూడి కడితే పిల్లలు బయటికి రాక తల్లి, పిల్లలు చనిపోయే ప్రమాదం చాలా ఎక్కువ. ఏడాది వయసున్న మీ ఒంటరి ఆడదానికి మగ జోడీ తెస్తే జరిగేది ఇదే. షాపులో మగవాటితో కలిపి ఉంచిన ఆడదాన్ని తెచ్చినా, అది అప్పటికే సూడితో ఉండొచ్చని గుర్తుంచుకోవాలి.

కుందేలుతో కలపొచ్చా?

వద్దు. కుందేలు వెనక కాలితో ఒక్క తన్ను తన్నితే గినీ పిగ్ ఎముక విరుగుతుంది. కుందేళ్లకు ఏమీ చేయని కొన్ని శ్వాసకోశ క్రిములు గినీ పిగ్‌లకు న్యుమోనియా తెస్తాయి. మేత కూడా వేరు: గినీ పిగ్ ఒంట్లో విటమిన్ సి తయారు కాదు, రోజూ తిండిలోనే అందాలి. పిల్లి, కోడి, చిలుక, హామ్‌స్టర్ కూడా జోడీ కావు.

ఎక్కడ వెతకాలి?

తెలిసినవాళ్లలో, గల్లీ వాట్సాప్ గ్రూపుల్లో ముందు అడగండి. మీలాగే ఒక్కటే పెంచుతున్న ఇల్లు ఇంకోటి దొరకవచ్చు. షాపులో కొనేటట్లయితే 2018 పెట్ షాపు నిబంధనల ప్రకారం ఆ షాపుకు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి, అడిగి చూడండి. కండ్లు, ముక్కు కారుతున్నది, తుమ్మేది, వెంట్రుకలు ఊడి గోక్కునేది, వెనుక భాగం విరేచనాలతో తడిసినది తేవద్దు.

తెచ్చిన రోజే కలపొద్దు

కొత్తదాన్ని రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచండి. ముందు పాతదాన్ని, తర్వాత కొత్తదాన్ని చూడండి, మధ్యలో చేతులు కడుక్కోండి. గజ్జి, జలుబు లాంటివి ఉంటే ఈ లోపల బయటపడతాయి.

తర్వాత రెండింటికీ కొత్త అయిన జాగాలో కలపాలి. గది నేల మీద పాత దుప్పటి పరిచి, మధ్యలో గడ్డి కుప్ప వేయండి. దాక్కోవడానికి రెండు వైపులా తెరిచిన అట్టపెట్టెలు పెట్టండి. ఒక్క దారే ఉంటే లోపల చిక్కినది దెబ్బలు తింటుంది.

వాసన చూడటం, వెంటపడటం, ఒకదాని మీద ఒకటి ఎక్కడం, నడుము ఊపుతూ గుర్రుమనడం మామూలే. ఎవరు పెద్దో తేల్చుకుంటున్నాయన్న మాట, మధ్యలో దూరొద్దు. పండ్లు పటపట కొరుకుతూ, మెడ వెంట్రుకలు నిక్కబొడుచుకొని ఎదురెదురుగా నిలబడితే జర జాగ్రత్త. రక్తం వచ్చేలా కొరికితే వెంటనే విడదీయండి, కానీ ఒట్టి చేతులు పెట్టొద్దు, మందం తువ్వాల వాడండి. అలాంటివాటిని మధ్యలో జాలీ పెట్టి పక్కపక్కనే ఉంచండి. ఒకదాన్నొకటి చూస్తూ, వింటూ ఉంటే కొంత తోడు ఉన్నట్టే.

రెండింటికి కేజ్ కనీసం నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉండాలి. మగవైతే ఐదడుగుల పొడవు మంచిది. నీళ్ల సీసాలు, గిన్నెలు, దాక్కునే పెట్టెలు రెండేసి పెట్టాలి.

మన ఎండలు, మన మేత

ఆండీస్ చల్లటి కొండల జంతువు ఇది. 28, 30 డిగ్రీలు దాటితేనే అవస్థ పడుతుంది. మన దగ్గర మే నెలలో 42 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల షెడ్డు, మిద్దె మీద ఉంచితే మధ్యాహ్నానికే చచ్చిపోవచ్చు. కింది అంతస్తులో చల్లటి గదిలో ఉంచి, నేలపై బండ ముక్క వేయండి. గడ్డకట్టించిన నీళ్ల సీసాకు బట్ట చుట్టి పెట్టండి. కొత్త జోడీని కలిపే పని ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోకపోవడమే మేలు. నోరు తెరిచి రొప్పుతూ చాపుకొని పడుకుంటే తడిగుడ్డతో చెవులు, పాదాలు తడిపి డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి. ఐసు నీళ్లలో ముంచొద్దు.

మేతలో ముఖ్యం గడ్డి. చెరకు తోటల గట్ల మీద కోసే గడ్డికి కలుపు మందు తగిలి ఉండొచ్చు, మందు కొట్టని చోటనే కోయండి. చెరకు ముక్కలు, బెల్లం పెట్టొద్దు, ఆ తీపికి కడుపు చెడుతుంది. విటమిన్ సి కోసం కొత్తిమీర, క్యాప్సికం, చిన్న జామ ముక్క చాలు. వంద గ్రాముల జామపండులో సుమారు 200 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది, దీనికి రోజుకు కావాల్సింది 10 నుంచి 30 మిల్లీగ్రాములే.

పూట మేత ముట్టకపోతే రేపు చూద్దాం అనుకోవద్దు, ఒక్క రోజులోనే పేగులు ఆగిపోతాయి. ఇంట్లో ఉన్న అమాక్సిసిలిన్ లాంటి మందు అసలే వేయొద్దు, అది వీటికి విషం. దగ్గరి పశువుల ఆసుపత్రిలో చిన్న జంతువులను చూస్తారో లేదో ముందే అడిగి పెట్టుకోండి.

రెండింటిని చూసే వీలు లేకపోతే?

గినీ పిగ్ ఐదు నుంచి ఏడేండ్లు బతుకుతుంది. జోడీ తెస్తే ఇంకొన్నేండ్ల బాధ్యత నెత్తిన వేసుకున్నట్టే. ఒకటి ముందు పోతే మళ్లీ ఇదే ప్రశ్న వస్తుంది. జాగా, టైం, ఖర్చు కుదరదనుకుంటే ఇంకో దారి ఉంది: మీ దగ్గర ఉన్నదాన్నే, అదే జాతి ఆడవి లేదా మగవి సరిగ్గా చూసుకుంటున్న ఇంటికి ఇవ్వండి. పిల్లలు ఒకటి రెండు రోజులు ఏడుస్తారు. అప్పుడప్పుడు ఆ ఇంటికి తీసుకుపోయి చూపిస్తే, జోడీ దొరికిన గినీ పిగ్ ఎంత హుషారుగా ఉంటుందో వాళ్లకే తెలుస్తుంది.