క్రయధనం వద్దన్న కాపరి

యోనా వెళ్లనని మొండికేసిన నీనెవె శిథిలాలు నేటి ఇరాక్‌లోని మోసూల్ నగరంలోనే ఉన్నాయి. 2008 ఫిబ్రవరి 29, శుక్రవారం. అక్కడి కల్దీయ కేథలిక్ ఆర్చిబిషప్ పౌలోస్ ఫరాజ్ రహ్హో పరిశుద్ధాత్మ దేవాలయంలో సిలువ మార్గ ప్రార్థన ముగించి బయలుదేరారు. సాయుధులు కారును చుట్టుముట్టి డ్రైవరును, ఇద్దరు అంగరక్షకులను చంపి, ఆయనను ఎత్తుకుపోయారు.

కారు డిక్కీలోని చీకట్లో నుంచే ఆయన సెల్‌ఫోన్‌లో మాట్లాడారని చర్చి వర్గాలు తెలిపాయి. తన కోసం డబ్బు కట్టవద్దని, అది హత్యలకే ఖర్చవుతుందని చెప్పారట. విమోచన క్రయధనం అనే మాట మన ప్రసంగాల్లో ఎంత తేలిగ్గా దొర్లిపోతుందో! ఈ కాపరి మాత్రం దాన్ని తన ప్రాణంతో తూచి చూశారు.

ప్రమాదం తెలియక కాదు. 2007 జూన్ 3న అదే దేవాలయం వద్ద ఫాదర్ రఘీద్ గన్నీని, ముగ్గురు సహ పరిచారకులను కాల్చి చంపారు. అయినా ఆర్చిబిషప్ మంద దగ్గరే ఉన్నారు.

మార్చి 13న ఆయన మృతదేహం దొరికింది.

నీనెవెను దేవుడు క్షమించాడని యోనా కోపగించుకున్నాడు కదా! 2008 మే నెలలో ఈ కేసులో ఒకరికి ఇరాక్ కోర్టు మరణశిక్ష వేసింది. ఆ శిక్ష వద్దన్నవారు కల్దీయ సంఘ పెద్దలే.