కాదని రాసిచ్చిన జనరల్

అక్టోబర్ 20 దగ్గరపడుతోంది, 1962 మీద ముఖచిత్ర కథనం కావాలి, గురువారం రాత్రికల్లా పేజీలు వదిలేయాలి అన్నారు ఎడిటర్. చైనా యుద్ధం అనగానే నెహ్రూ, కృష్ణ మీనన్, మంచులో పల్చటి బట్టలతో జవాన్లు గుర్తుకొస్తారు. అవన్నీ పాఠకులకు తెలిసినవే. చదువుతూ పోతుంటే నన్ను పట్టుకుని వదలనివి రెండు కాగితాలు. ఒకటి, ఒక జనరల్ తన పైఅధికారికి పంపిన సరకుల చిట్టా. రెండోది, ఢిల్లీలో ఒక జాయింట్ సెక్రటరీ సంతకం పెట్టిన ఉత్తర్వు. ఆజ్ఞ ఇచ్చేవాడికి యుద్ధం తెలియనప్పుడు, తెలిసినవాడు మర్యాద తప్పకుండా అడ్డు చెప్పడం ఎలాగో మొదటి కాగితంలో ఉంది. ఎలా చెప్పకూడదో రెండోదాంట్లో ఉంది.

నేపథ్యం క్లుప్తంగా. నేటి అరుణాచల్, అప్పటి నేఫాలో భూటాన్ మూలకు ఆనుకుని నామ్‌కా చూ అనే వాగు ఉంది. దానికి ఉత్తరాన థాగ్లా కొండ. సరిహద్దు పొడవునా ముందుకు జరిగి పోస్టులు పెట్టాలని 1961 నవంబర్‌లో ప్రభుత్వం నిర్ణయించింది. ఆ లెక్కన 1962 జూన్‌లో ఆ వాగు దగ్గర ధోలా పోస్టు వెలిసింది. సెప్టెంబర్ 8న చైనా సైనికులు థాగ్లా దిగి ఆ పోస్టు ఎదుటికి వచ్చారు. వాళ్లను వెళ్లగొట్టాల్సిందేనంది ఢిల్లీ. రక్షణమంత్రి కృష్ణ మీనన్‌కూ సైన్యానికీ అప్పటికే పొసగడం లేదు. 1959లో సైన్యాధిపతి తిమ్మయ్య రాజీనామా ఇచ్చి, నెహ్రూ మాట మీద వెనక్కి తీసుకున్నారు. సీనియర్లను కాదని పదోన్నతులు ఇస్తున్నారన్న రగడలో ఎక్కువగా వినిపించిన పేరు బి.ఎం. కౌల్. ఆ పేరు దగ్గరికి మళ్లీ వద్దాం.

లెఫ్టినెంట్ జనరల్ ఉమ్రావ్ సింగ్ అప్పుడు 33వ కోర్ కమాండర్. ఆయన పైన తూర్పు కమాండ్ అధిపతి ఎల్.పి. సేన్, ఆ పైన సైన్యాధిపతి పి.ఎన్. థాపర్. థాగ్లా మీదికి వెళ్లడం తన బలగానికి మించిన పని అని ఉమ్రావ్ సింగ్ సెప్టెంబర్ 12నే సేన్‌కు చెప్పారు. తవాంగ్ దాటాక బండి దారి లేదు. తిండి గింజలైనా, తూటాలైనా కూలీల వీపు మీద రావాలి, లేదంటే విమానంలోంచి జారవిడవాలి. అలా జారవిడిచిన మూటల్లో చాలా భాగం లోయల పాలయ్యేది. జవాన్ల ఒంటి మీద వేసవి యూనిఫారాలు, ఒక్కొక్కరి దగ్గర యాభై తూటాలు. ఎదుట కొండ మీద ఉన్నవాళ్లకు వెనక రోడ్డుంది.

మాటతో చెబితే సేన్ వినలేదు. అప్పుడు ఉమ్రావ్ సింగ్ కింది కమాండర్లను కూర్చోబెట్టి పక్కాగా లెక్క కట్టించారు. ఈ పని చేయాలంటే ఎన్ని ఫిరంగులు కావాలి, ఎంత మందుగుండు కావాలి, ఎన్ని రోజుల తిండి నిల్వ ఉండాలి, చలి బట్టలు ఎన్ని. సెప్టెంబర్ నెలాఖరులో ఆ చిట్టా పైకి పంపారు. ఐదొందల మందికి భోజనాలు పెట్టమన్నప్పుడు వంటమేస్త్రి చేతులెత్తేయడు, సరకుల పట్టీ రాసి చేతిలో పెడతాడు. అవి తెచ్చిపెట్టే బాధ్యత పెళ్లివారిది. ఉమ్రావ్ సింగ్ చేసింది సరిగ్గా అదే. ఆ చిట్టాలో ధిక్కారం లేదు, పరుష పదం లేదు. చదివినవాడికి మాత్రం, మంచు పడేలోగా ఇన్ని సరకులు అక్కడికి చేరవు గనక ఈ దాడి కుదరదని తేటతెల్లంగా తెలుస్తుంది. అయ్యా మీకు అనుభవం లేదు అనే మాట ఎక్కడా రాకుండా, అనుభవం అంతా అంకెల్లోకి వచ్చి కూర్చుంది.

నాకు ఈ మనిషి మీద గౌరవం ఇక్కడే కుదిరింది. ఆయన రాసిన ప్రతి అంకె వెనకా వాగు ఒడ్డున పడుకున్న ఒక జవాను ఉన్నాడు.

రెండో కాగితం సెప్టెంబర్ 22ది. ఆ రోజు రక్షణ శాఖలో సమావేశం జరిగింది. నెహ్రూ విదేశంలో ఉన్నారు, కృష్ణ మీనన్ న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సమావేశాల్లో ఉన్నారు. అధ్యక్షత వహించింది మన గుంటూరు ఎంపీ కొత్త రఘురామయ్య. రక్షణ శాఖలో మీనన్ కింద మంత్రి, న్యాయవాదిగా పైకొచ్చిన మనిషి. ధోలా దగ్గర చైనా ఎదురుదాడికి దిగొచ్చు, లద్దాఖ్‌లో కూడా దెబ్బ కొట్టొచ్చు అని థాపర్ అక్కడ హెచ్చరించారు. వెళ్లగొట్టాలన్న నిర్ణయంలో మార్పు లేదని విదేశాంగ కార్యదర్శి ఎం.జె. దేశాయ్ అన్నారు. అయితే రాతపూర్వకంగా ఇవ్వండి అన్నారు థాపర్. ఇచ్చారు. సైన్యాధిపతి సిద్ధం కాగానే, ధోలా ఉన్న కామెంగ్ డివిజన్ నుంచి చైనా వాళ్లను వెళ్లగొట్టాలి అన్నది ఆ రాత సారాంశం. కింద సంతకం జాయింట్ సెక్రటరీ హెచ్.సి. సరీన్‌ది. దేశాన్ని యుద్ధంలోకి దించే కాగితం మీద మంత్రి సంతకం కూడా లేదు.

ఆ ఉత్తర్వులోనే ఒక తలుపు తెరిచి ఉంది. సిద్ధం కాగానే అన్నారు. నేను సిద్ధంగా లేను, వసంతం దాకా సిద్ధం కాలేను అని థాపర్ అనొచ్చు. కొద్ది రోజుల్లోనే కోర్ నుంచి వచ్చిన చిట్టా అందుకు రుజువుగా పనికొచ్చేది కూడా. ఆయన ఆ తలుపు తట్టలేదు. ఉమ్రావ్ సింగ్ కాగితం జవాన్ల కోసం పుట్టింది, థాపర్ అడిగి తీసుకున్న కాగితం థాపర్‌నే కాపాడటానికి పుట్టింది. పై అధికారి చేత రాయించుకుని ఊరుకోవడాన్ని అభ్యంతరం చెప్పడం అనుకుంటే, అంతకు మించిన పొరపాటు లేదు.

చిట్టా గతి ఏమైంది? గొంతెమ్మ కోరికలని సేన్ తోసిపుచ్చారు. అక్టోబర్ మొదటి వారంలో నేఫా బాధ్యతనే ఉమ్రావ్ సింగ్ నుంచి తప్పించి, కొత్తగా పుట్టించిన 4వ కోర్‌కు అప్పగించారు. దాని కమాండర్‌గా వచ్చినవారు కౌల్.

కౌల్ 1933లో శాండ్‌హర్స్ట్ నుంచి వచ్చిన అధికారి. తర్వాత సరఫరాలు చూసే ఆర్మీ సర్వీస్ కోర్‌కు మారారు. యుద్ధంలో బెటాలియన్‌ను నడిపించిన అనుభవం లేదు. నాలుగో డివిజన్ కమాండర్‌గా అంబాలాలో జవాన్ల చేత వేగంగా క్వార్టర్లు కట్టించి పేరు తెచ్చుకున్నారు. న్యాయంగా చెప్పాలంటే పిరికివాడు కాదు. అలవాటు లేని ఎత్తులో నడిచి, కొన్నిచోట్ల మనుషుల వీపు మీద వెళ్లి, నామ్‌కా చూ దాకా చేరారు. అక్కడ ఏడో బ్రిగేడ్ కమాండర్ జాన్ దల్వీ. బర్మాలో జపాన్ మీద పోరాడిన మనిషి. రాజ్‌పుత్ బెటాలియన్ వాగు దాటి యుమ్‌త్సో లా కనుమకు ఎక్కాలన్నారు కౌల్. పదహారు వేల అడుగుల ఎత్తు, చలి బట్టలు లేవు, ఫిరంగుల దన్ను లేదు అన్నారు దల్వీ. ముందుగా పంజాబ్ బెటాలియన్ నుంచి ఒక చిన్న దళం అవతల త్సెంగ్ జోంగ్‌కు వెళ్లింది.

అక్టోబర్ 10 తెల్లవారి ఆ దళం మీద చైనా దాడి చేసింది. కౌల్ ఇవతలి ఒడ్డు నుంచి కళ్లారా చూశారు. మీరన్నదే నిజం, వాళ్లు ఆట ఆడటం లేదు అన్న అర్థంలో ఆ క్షణాన కౌల్ అన్నారని దల్వీ తన పుస్తకం ‘హిమాలయన్ బ్లండర్’లో రాశారు. వాదన గెలిచిన మనిషికి అక్కడ సంతోషం ఏముంటుంది? పంజాబీలు తమకు దన్నుగా ఇవతలి నుంచి కాల్పులు జరపమని అడుగుతున్నారు. కాల్పులు మొదలుపెడితే ఒడ్డు పొడవునా యుద్ధం అంటుకుంటుంది, ఉన్న తూటాలు చాలవు. దల్వీ ఇవ్వలేదు. ఆ దళం పోరాడుతూనే వెనక్కి వచ్చింది.

కౌల్ ఢిల్లీ వెళ్లి వచ్చారు, జబ్బుపడి మళ్లీ ఢిల్లీ చేరారు, ఇంట్లో మంచం మీంచే కోర్‌ను నడిపారు. వాగు ఒడ్డు నుంచి బ్రిగేడ్‌ను వెనక్కి తీయాలని దల్వీ మొత్తుకుంటూనే ఉన్నారు. 19న డివిజన్ కమాండర్ నిరంజన్ ప్రసాద్‌తో ఫోన్‌లో, ఇలా చూస్తూ కూర్చోవడం కన్నా రాజీనామా చేస్తాను అన్నారు. అప్పటికి ఎదుటి కొండ మీద ఏర్పాట్లు కళ్లకు కనిపిస్తున్నాయి. 20వ తేదీ వేకువన దాడి జరిగింది. కొన్ని గంటల్లోనే బ్రిగేడ్ చెదిరిపోయింది. రెండో రాజ్‌పుత్ బెటాలియన్‌లో 513 మందికి 282 మంది చనిపోయారు. 22న దల్వీ పట్టుబడి, 1963 మే దాకా చైనాలో ఖైదీగా ఉన్నారు.

థాపర్ తప్పుకున్నాక సైన్యాధిపతి అయినవారు జె.ఎన్. చౌధురి. 1948లో హైదరాబాద్ మీదికి సేనను నడిపి, ఆ తర్వాత ఇక్కడ మిలిటరీ గవర్నర్‌గా పాలించినవారు. ఓటమి మీద సైనికాధికారులు హెండర్సన్ బ్రూక్స్, పి.ఎస్. భగత్‌లతో ఆయన విచారణ జరిపించారు. అయితే సైనిక ప్రధాన కార్యాలయం పనితీరు దాని పరిధిలోకి రాకుండా గీత గీశారు. నివేదికలో కొంత భాగాన్ని పాత్రికేయుడు నెవిల్ మాక్స్‌వెల్ 2014లో ఇంటర్నెట్‌లో పెట్టినా, ప్రభుత్వం లెక్కలో అది ఇప్పటికీ రహస్యమే. దాన్ని బయటపెట్టాలి. అకాడమీ నుంచి వచ్చే ప్రతి కుర్ర అధికారీ చదవాల్సిన పాఠం అందులో ఉంది.

అడ్డు చెప్పడానికి చట్టంలో ఎంత చోటుంది

1950 ఆర్మీ చట్టం 41వ సెక్షన్ చట్టబద్ధమైన ఆజ్ఞను ధిక్కరించడం గురించి. యుద్ధ విధుల్లో ఉండగా అయితే 14 ఏళ్ల దాకా జైలు. 26, 27 సెక్షన్లు అన్యాయం జరిగిందనుకున్నవాళ్లకు పైకి ఫిర్యాదు చేసుకునే హక్కు ఇస్తాయి. రాతలో లేని దారి యూనిట్లలో ఉంది. అకాడమీ నుంచి నిన్న మొన్న వచ్చిన లెఫ్టినెంట్, ఇరవై ఏళ్లు పైబడి సర్వీసు ఉన్న సుబేదార్‌ను ‘సాబ్’ అనే పిలుస్తాడు. సుబేదార్ సాబ్ జవాన్ల ముందు కుర్ర అధికారి మాటకు అడ్డు రాడు. విడిగా ఉన్నప్పుడు, సర్, ఇలా చేస్తే ఎలా ఉంటుందంటారు అని మొదలుపెడతాడు. తెలివైన లెఫ్టినెంట్ వింటాడు.

విన్నా వినకున్నా నిలబడ్డవాళ్లు

1965 సెప్టెంబర్‌లో, పాకిస్తాన్‌తో యుద్ధంలో, పంజాబ్ సేనను బియాస్ నది వెనక్కి తీయాలని అదే చౌధురి అంటే, పశ్చిమ కమాండ్ అధిపతి హర్బక్ష్ సింగ్ ఒప్పుకోలేదు. రాతపూర్వకంగా ఇవ్వమన్నారని అప్పట్లో ఆయన ఏడీసీగా ఉన్న అమరీందర్ సింగ్ చెబుతారు. ఆ రాత రాలేదు, సేన కదల్లేదు, అమృత్‌సర్ మనకు దక్కింది. అదే నెలలో సిక్కింలో నాథూ లా, జెలెప్ లా పోస్టులు ఖాళీ చేయమని కోర్ నుంచి మాట వచ్చింది. జెలెప్ లా ఖాళీ అయింది. నాథూ లా చూస్తున్న సగత్ సింగ్ మాత్రం వదల్లేదు. 1967లో చైనా అక్కడ కాల్పులకు దిగినప్పుడు కనుమ మన చేతిలోనే ఉంది.